ఓడ వంటవాడి సినిమా

పాత సినిమాల పిచ్చి పట్టినవాళ్ళతో ఒక చిక్కుంది. వాళ్ళకి నచ్చిన సినిమా మీరు చూడలేదని తెలిసిందా, ఇక మీకు మనశ్శాంతి ఉండదు. దారిలో కనిపిస్తే అదే మాట, ఫోను చేస్తే అదే మాట, పెళ్ళికి పిలవడానికొచ్చినా వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి అదే మాట. పోనీ కథేమిటో చెప్పమంటే చెప్పి చావరు. నువ్వు చూడు, చూశాక మాట్లాడదాం అంటారు. చూశాక మాట్లాడేది కూడా మన మాట వినడానికి కాదు, ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్నదంతా మన మీద కుమ్మరించడానికి.

అద్దాలక్క ఆ జాతిలో మేలు రకం. వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడది. చుట్టుపక్కల సగం ముక్కుల మీద ఆవిడ బిగించిన ఫ్రేములే ఉంటాయి కాబట్టి పెద్దా చిన్నా అందరికీ అద్దాలక్కే. దుకాణం వెనక కళ్ళు పరీక్ష చేసే గది ఉంది. పొడుగ్గా, సన్నగా, కిటికీ లేకుండా ఉంటుంది. ఒక కొసన కుర్చీ, రెండో కొసన అక్షరాల పట్టిక. వారానికోసారి దుకాణం కట్టేశాక ఆ పట్టిక తీసేసి, తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరు పెట్టుకుని ఓ గుప్పెడు మంది పాత సినిమా చూస్తారు. సినిమా చూపించడానికి దేవుడు కట్టించిన గది అంటాడు రీలు బాబాయి. ఆయన మూతపడిన సినిమా హాల్లో ఆపరేటరుగా జీవితమంతా గడిపినవాడు. ఆ ముక్క ఎవరికైనా తెలియకపోతే పరిచయమైన నిమిషంలో తెలిసేలా చేస్తాడు.

ఆ గదిలో రెండు కట్టుబాట్లు. సినిమా మొదలైతే ఫోను ఆపెయ్యాలి. పక్కన పెట్టడం కాదు, గొంతు నొక్కడం కాదు, పూర్తిగా ఆపెయ్యాలి. రెండోది, ఎంత గొప్ప సినిమా అయినా, ఎంత నోరు దురద పెట్టినా, ముగింపు చెప్పకూడదు. చూడనివాడు ఒక్కడు గదిలో ఉన్నా చెప్పకూడదు. లెక్కల మేష్టారు ఒకసారి పొరపాటున హంతకుడెవరో చెప్పేశాడు. ఆయన్ని నెలరోజులు గుమ్మం తొక్కనివ్వలేదు అద్దాలక్క. అంత నిష్ఠ ఆవిడది. దేవుడి పూజకి కూడా అంత నిష్ఠ ఉండదు.

ఇక ఆవిడ తమ్ముడి సంగతి. అతను కేకుల మీద పేర్లు రాస్తాడు. బేకరీలో అందరూ ఉన్నా, క్రీముతో అక్షరం తిప్పాలంటే అతనే తిప్పాలి. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. కిందటి చలికాలంలో ఒకరోజు పని మధ్యలో లేచి వెళ్ళి ప్రాణం తీసుకోబోయాడు. ఎందుకయ్యా అంటే ఇదీ అని ఒకటి వేలు పెట్టి చూపించలేం. పెళ్ళి పెటాకులైంది, నిద్ర పోయింది, తిండి సయించడం మానేసింది, అన్నీ కలిసి మనిషిని లోపల్నించి తినేశాయి. వేళకి ఆసుపత్రికి చేరాడు కాబట్టి దక్కాడు. అక్కణ్ణించి నేరుగా అక్క ఇంటికే వచ్చాడు. ఆ రోజు గురించి మాత్రం ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. కదిలిస్తే ఏమవుతుందోనని ఆవిడకి భయం, అక్క మొహం చూడలేక అతనికి సిగ్గు. ఉప్పు అందుకో, పప్పు వడ్డించు అనే మాటలతో నెలలు నెట్టుకొచ్చారు.

మందులు వేళకి వేసుకోవాలి, నాతో మాట్లాడ్డానికి వస్తూ ఉండాలి, ఇష్టమైన పనుల్లో పడాలి అని డాక్టరమ్మ చెప్పింది. మొదటి రెండూ అతను చేశాడు. మూడోది అద్దాలక్క చేతుల్లోకి తీసుకుంది. తమ్ముడికి చిన్నప్పటినుంచీ అక్క పక్కన కూచుని సినిమా చూడటమే ఇష్టం కదా. సినిమా గదిలో వాళ్ళందరినీ పిలిచి, నవ్వించే సినిమాలు చెప్పండి, ఒక్క చావు ఉండకూడదు, ఒక్క ఏడుపు ఉండకూడదు అంది. పాత సినిమాల్లో చావు లేని సినిమా వెతకడమంటే మాటలా! అందరూ తలలు పట్టుకున్నారు. లెక్కల మేష్టారు ఓ హాస్య సినిమా చెప్పి, కడుపుబ్బ నవ్విస్తుందమ్మా, నాదీ పూచీ అన్నాడు. తీరా చూస్తే సగంలో బామ్మగారు గుటుక్కుమంది. అద్దాలక్క ఆయన మీద ఒంటికాలి మీద లేచింది. అరే, ఆ బామ్మ పోయేది కూడా నవ్వు కోసమే కదమ్మా అని ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ దెబ్బతో ఎవరి మాటా నమ్మడం మానేసింది. ప్రతి సినిమా మొదట తనే కూచుని మొదటినుంచి చివరిదాకా చూసి, అప్పుడుగానీ తమ్ముడికి చూపించేది కాదు.

అలా చూడకుండా ఇచ్చింది ఒక్కటే, ఓడ వంటవాడి సినిమా.

ఎందుకు చూడలేదంటే, అది తన సొంత సినిమా. చిన్నప్పుడు నాన్న భుజమ్మీద కూచుని రీలు బాబాయి హాల్లోనే చూసింది. ఓడలో వంట చేసే మనిషి, ఇంటిమీద బెంగ, తుఫాను, ఊరుగాని ఊళ్ళో జైలు, ఏళ్ళకి ఏళ్ళు గడిచి ఒక సాయంత్రం అతను పడవ దిగుతాడు. గట్టు మీంచి చూస్తే తన ఇంటి కిటికీలో దీపం వెలుగుతూ ఉంటుంది. అతని మొహంలో చిన్న నవ్వు. శుభం. అంతే. ఆ నవ్వు చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. బతుకులో ఎప్పుడు కాళ్ళు విరిగినట్టు అనిపించినా ఆవిడ తలుచుకునేది ఆ కిటికీనే. మళ్ళీ చూద్దామంటే ఆ సినిమా ఎక్కడా దొరకలేదు. కాపీలన్నీ పాడైపోయాయన్నారు. గదిలో ఎవరికి చెప్పినా, కట్టుబాటు ప్రకారం, దొరికితే చూడండి, అంతకంటే చెప్పను అనేది. రీలు బాబాయి మాత్రం, అబ్బో, ఆ సినిమానా, అని తల పంకించి ఊరుకునేవాడు. ఇద్దరూ చూసినవాళ్ళే కాబట్టి దాని గురించి మాట్లాడుకునే అవసరమే రాలేదు.

ఆ వారం పాత సినిమాల వాళ్ళ ఫోను గుంపులో ఎవరో పుణ్యాత్ముడు దాన్ని పెట్టాడు. ఎక్కడో గోడౌనులో డబ్బా దొరికిందట, దుమ్ము దులిపి, గీతలు చెరిపి, ఉన్నదున్నట్టు పూర్తిగా కొత్తదాన్ని చేశారట. అద్దాలక్కకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

అదే ఆదివారం తమ్ముడు నోరు తెరిచి ఒక మాట అడిగాడు. నన్ను ఒక్క పూట ఒంటరిగా ఉండనీ అక్కా, నువ్వు దుకాణానికి వెళ్ళు, నన్నిలా కాపలా కాస్తుంటే నేను రోగినేనని గుర్తొస్తూ ఉంటుంది అన్నాడు. ఆవిడకి గుండెల్లో రాయి పడింది. డాక్టరమ్మ మాత్రం ముందే చెప్పింది, కొద్దికొద్దిగా నమ్మడం నేర్చుకోండి అని. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఈ సినిమా చూడాలి. సినిమా నడిచినంతసేపూ మనిషి కుర్చీలోంచి లేవడని ఆవిడ లెక్క. పైగా అది అయిపోయేసరికి కిటికీలో దీపం ఉంటుంది. ఇంతకంటే మందేముంది? టీవీలో పెట్టి ఇచ్చి, ముగింపు నేను చెప్పను, చూశాక మాట్లాడదాం అని నవ్వుతూ తల నిమిరి బయల్దేరింది. అతను బుద్ధిగా ఫోను ఆపేసి బల్లమీద పెట్టాడు. అక్క కట్టుబాటు కదా.

దుకాణంలో ఓ గుమాస్తా కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చాడు. చీకటి గదిలో కూచోబెట్టి, ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ ఇది నయమా, అది నయమా అని అడుగుతోంది. అప్పుడు రీలు బాబాయి వచ్చాడు, కళ్ళజోడు మర వదులైందని. ఆవిడ ఆగలేకపోయింది. మన ఓడ వంటవాడు దొరికాడు బాబాయ్, పూర్తి కాపీ, ఒక్క గీత లేదు అంది.

బాబాయి మొహం వెలిగిపోయింది. పూర్తిదంటే ఆఖరి రీలుతో సహానా అని అడిగాడు.

ఆఖరి రీలు లేకుండా సినిమా ఎలా ఉంటుంది అంది ఆవిడ, అద్దం తుడుస్తూ.

బాబాయి పకపకా నవ్వాడు. ఏళ్ళ తరబడి దాచుకున్న ముచ్చట బయటికొచ్చే వేళయింది. కానీ కట్టుబాటు కట్టుబాటే. గుమాస్తా వైపు తిరిగి, బాబూ, మీరు పాత సినిమాలు చూస్తారా అని అడిగాడు. గుమాస్తా తనకి కొత్తవి చూడటానికే తీరిక లేదన్నాడు. అయితే ఫరవాలేదని బాబాయి స్టూలు లాక్కుని కూచున్నాడు.

ఆ సినిమా మొదటి ఆట వేసిన రోజు ఏమైందో తెలుసా అని మొదలుపెట్టాడు. ఆఖరి రీలు చూసి జనం గొల్లుమని ఏడ్చారట. ఒకావిడ స్పృహ తప్పిందట. బయటికొచ్చి, వెళ్ళకండి, గుండె పగులుతుంది అని వరసలో నిలబడ్డవాళ్ళకి చెప్పారట. రెండో ఆటకి కుర్చీలు ఖాళీ. హాలు యజమాని పైకొచ్చి, ఏడిపించే సినిమాకి రెండోసారి ఎవడొస్తాడు, ఏదో ఒకటి చెయ్యి అన్నాడట. బాబాయి ఏం చేశాడు? అతను పడవ దిగి కిటికీ చూసి నవ్వేచోట కత్తెర వేశాడు. ఇంకో సినిమాలోంచి శుభం ముక్క తెచ్చి అక్కడ అతికాడు. ఆఖరి రీలు డబ్బాలోనే ఉంచేశాడు. మర్నాటినుంచి హాలు నిండింది.

"ఊరు ఊరంతా సుఖంగా ఇంటికి పోయిందమ్మాయ్, నా చేతి చలవ," అన్నాడు బాబాయి, తొడ చరుచుకుని.

అద్దాలక్క చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. ఆ రీలులో ఏముంది బాబాయ్ అని అడిగింది.

అప్పటికీ బాబాయికి అర్థం కాలేదు. అదేమిటి, కొత్త కాపీ నువ్వు చూశావుగా అంటూ చెప్పాడు. ఆ కిటికీలో దీపం అతని వాళ్ళది కాదు. ఇల్లు వేరేవాళ్ళ చేతిలో ఉంది. పెళ్ళాం, పిల్లా ఎటో వెళ్ళిపోయారు. తలుపు తీసినవాడు ఎవరయ్యా నువ్వు అంటాడు. అతను సమాధానం చెప్పకుండా వెనక్కి తిరిగి, మళ్ళీ గట్టు మీదికి వెళ్ళి, చీకట్లో నడుచుకుంటూ నీళ్ళలోకి...

"చాలు," అంది ఆవిడ. "వాడికిచ్చాను బాబాయ్. వాడొక్కడే ఉన్నాడు ఇంట్లో."

బాబాయి నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

ఆవిడ అప్పటికే తమ్ముడి నంబరు నొక్కింది. ఆపి ఉంది. ఎందుకుండదు, ఆపమన్నది ఎవరు? మళ్ళీ నొక్కింది. ఎదురు ఫ్లాటావిడకి చేసింది. ఆసుపత్రినుంచి వచ్చినప్పట్నుంచీ ఇంటి రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడ ఎత్తి, నింపాదిగా, బాగున్నావా అమ్మా, ఎండ చూశావా ఎలా ఉందో అంటూ మొదలెట్టింది. మా ఇంట్లోంచి చప్పుడేమైనా వినిపిస్తోందా పిన్నిగారూ అని అద్దాలక్క అడిగింది. ఇందాకటినుంచీ సినిమా సంగీతం వినిపిస్తూనే ఉంది అందావిడ. ఉండు, తలుపు తీసి వింటాను అంది. ఆవిడ చెప్పుల చప్పుడు, గొళ్ళెం చప్పుడు వినిపించాయి. తర్వాత, లేదమ్మా, ఇప్పుడేం లేదు, అయిపోయినట్టుంది అంది. తలుపు కొట్టి చూడండి, పలక్కపోతే తెరవండి అని అరిచి అద్దాలక్క వీధిలోకి దూకింది. గుమాస్తా ముక్కు మీద ఫ్రేముతో అలాగే కూచున్నాడు.

ఇల్లు వీధి రెండో చివర, ఆదివారం ఆ వీధిలో సంత. ఈ చివర్నించి ఆ చివరిదాకా పాత బట్టలు, పింగాణీ సామాను, పక్షుల పంజరాలు, బొమ్మలు. బండి కదలదు, సైకిలు కదలదు, మనిషి కదలడమే గగనం. ఆవిడ యాభైకి దగ్గర పడిన మనిషి, ఎన్నడూ పరిగెత్తి ఎరగదు. గొడుగుల కింద దూరింది, బుట్టలు తన్నింది, ఎవరి భుజాలో తోసింది. కళ్ళు కనబడవా అని ఒకడు కసిరాడు. ఆవిడ వినిపించుకునే స్థితిలో లేదు. వెళ్తూనే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి అనుకుంది. బామ్మ చచ్చిపోయిందని మేష్టార్ని నానా మాటలూ అన్నానే, నా చేత్తో నేనేం చేశాను? పరాయివాళ్ళ సినిమాలన్నీ జల్లెడ పట్టి చూశాను, నా సినిమా అని కళ్ళు మూసుకుని ఇచ్చేశాను. ఇదే సినిమా చూడు, ఇదే నీకు మందు అని తల నిమిరి మరీ ఇచ్చాను.

కిందటి చలికాలంలో ఒకసారి ఇలాగే ఊరంతా తిరిగింది ఆవిడ. ఒళ్ళు ఆ రోజుని మరిచిపోలేదు.

మెట్లెక్కేసరికి ఎదురు ఫ్లాటావిడ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తాళంచెవి. తలుపు బార్లా తీసి ఉంది. ఎంత కొట్టినా పలకలేదమ్మా, తీశాను, లోపల ఎవరూ లేరు అంది.

ముందు గది ఖాళీ. టీవీ తెర నల్లగా ఉంది. ఫోను బల్లమీద పెట్టినచోటే ఉంది. సగం తాగిన నీళ్ళ గ్లాసు. పడక గది, వంట గది, స్నానాల గది, అన్నీ చూసింది. తలుపుల వెనక చూసింది. గుమ్మం పక్కన అతని చెప్పులు లేవు. ఎటు వెళ్ళాడో తెలియదు, అడగడానికి ఫోను లేదు. ఎదురు ఫ్లాటావిడ ఏదో అంటోంది. ఆవిడ చెవికెక్కలేదు.

డాబా గుర్తొచ్చింది. మెట్లు ఎక్కుతుంటే ఒక్కో మెట్టుకీ ఊపిరి తెగిపోయింది. డాబా మీద ఎవరివో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మిగిలింది పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూడటం. వాడికేం కాకూడదు, ఈసారికి వాణ్ణి నాకివ్వు, నేనింకేం అడగను అని ఎవర్నో బతిమాలింది. తర్వాత గోడ పట్టుకుని తొంగి చూసింది. కింద సంత గొడుగులు, బేరాలాడుతున్న జనం, పరిగెత్తుతున్న ఓ కుక్క. వీధి ఎప్పటిలాగే ఉంది.

అక్కడే కూలబడింది. ఎక్కడని వెతకాలి? బేకరీ మూసి ఉంటుంది. కిందటిసారి చూసినచోట్లన్నీ మళ్ళీ మొదట్నుంచి చూడాలా? లేచి పోలీసులకి చెయ్యాలి, డాక్టరమ్మకి చెయ్యాలి అనుకుంటూ ఫోను తీసేసరికి అదే మోగింది. దుకాణం నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మోగి మోగి ఆగిపోయేలోపు ఎలాగో నొక్కింది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి. గొంతు బొంగురుపోయి ఉంది. "ఇక్కడే ఉన్నాడు. నా ముందరే కూచుని ఉన్నాడు. నువ్వు నెమ్మదిగా రా."

ఆవిడ డాబా గచ్చు మీద నుదురు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి, దుప్పటి అంచుతో మొహం తుడుచుకుంది. ఎవరి దుప్పటో కూడా చూసుకోలేదు.

ఏం జరిగిందంటే, చలికాలంనుంచీ తమ్ముడికి జనం మధ్య నడవాలంటే ఊపిరాడదు. అందుకని అతను సంత వీధి వదిలేసి వెనక సందులోంచి దుకాణానికి వెళ్ళాడు. అక్క ముందు వీధిలోంచి పరిగెత్తింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వేరే వేరే దారుల్లో వెళ్ళారు.

అద్దాలక్క దుకాణంలో అడుగు పెట్టేసరికి బాబాయి స్టూలు మీద తల దించుకుని కూచున్నాడు. ఆ కత్తెర నాదేనమ్మా అన్నాడు. ఆవిడ తిన్నగా చీకటి గదిలోకి వెళ్ళింది. తమ్ముడు గోడకి చేరగిలబడి నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ అతని వీపు మీద చాచి ఒక్కటిచ్చింది. ఇంకోటి ఇచ్చింది. ఆ చేత్తోనే చొక్కా పట్టుకుని, భుజమ్మీద తల పెట్టి భోరుమంది. గుమాస్తా పాపం కుర్చీలో బిక్కచచ్చిపోయి, ముక్కు మీద ఫ్రేము తీయాలో వద్దో తెలియక చూస్తున్నాడు.

"ఫోను ఎందుకు తీసుకురాలేదురా?" అంది, ఏడుపు మధ్యలో.

"మర్చిపోయానక్కా. నీ కోసమే వచ్చాను."

నేను చూసిన సినిమా అది కాదురా, నాకు తెలియదు, నీ మీద ఒట్టు, తెలిస్తే ఇచ్చేదాన్నా అని ఆవిడ చెప్పుకుపోతోంది. అతను ఆగమన్నట్టు చెయ్యి పట్టుకున్నాడు. అన్ని నెలల్లో అతను ఆవిడ కళ్ళలోకి నేరుగా చూడటం అదే మొదలు.

"నీకు అబద్ధం చెప్పను," అన్నాడు. "ఆయన చీకట్లోకి నడుస్తుంటే, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అది ఇంకా పోలేదక్కా, లోపల ఉంది. రేపు డాక్టరమ్మకి చెప్పాలి. నువ్వు కూడా రా."

వస్తానంది ఆవిడ.

అక్కడితో అయిపోయిందనుకున్నానక్కా, ఆపేద్దామని లేచాను కూడా అన్నాడు అతను. కానీ అవలేదు. ఆ తర్వాత చాలాసేపు ఉంది. ఆయన వచ్చాడని ఎవరో చెప్తే ఆయన పెళ్ళాం పక్క ఊరినుంచి పరిగెత్తుకొస్తుంది. పిల్లని వెంటేసుకుని, లాంతరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. పాట లేదు, మాట లేదు. ఒక తలుపు, ఇంకో తలుపు. కొందరు చూడలేదంటారు. కొందరు తలుపే తీయరు. తెల్లారిపోతుంది, లాంతర్లో నూనె అయిపోతుంది, ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంటుంది.

బాబాయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ రీలుని తన చేత్తోనే చుట్టి డబ్బాలో పెట్టాడు ఆయన. అందులో నీళ్ళలోకి నడిచిన మనిషే ఆయనకి గుర్తున్నాడు గానీ, లాంతరు మనిషి గుర్తులేదు.

తమ్ముడు తల దించుకుని అడిగాడు.

"ఆ రోజు నువ్వూ నా కోసం తిరిగావు కదా. ఎక్కడెక్కడ తిరిగావు?"

ఆవిడ బాబాయి వైపు చూసింది. ఆయన అర్థం చేసుకుని లోపలికొచ్చాడు. గుమాస్తా చెయ్యి పట్టుకుని, రండి బాబూ, వీధిలో అక్షరాలు చూద్దురుగాని అంటూ ముక్కు మీద ఫ్రేముతోనే బయటికి నడిపించాడు. తలుపు దగ్గరికి వేశాడు.

ఆవిడ నేలమీద కూచుంది. తమ్ముడు పక్కనే కూచున్నాడు, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని. ఎలా మొదలుపెట్టాలో ఆవిడకి తెలియలేదు. వద్దులే, ఇప్పుడెందుకు అని నాలుక చివరిదాకా వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని దాన్ని మింగేసింది.

"ముందు బేకరీకి వెళ్ళాను," అంది. "నువ్వు సగం పేరు రాసి వదిలేసిన కేకు బల్లమీదే ఉంది. మిగతా సగం రాయడానికి అక్కడ ఎవరికీ చెయ్యి రాలేదట. ఆ పాప పుట్టినరోజుకి దాన్ని అలాగే తీసుకెళ్ళారు."

అతను మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. వీపు ఎగిసిపడుతోంది. ఆవిడ ఆపుదామా అని చూసింది. అతను తల ఎత్తకుండానే అక్క చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"తర్వాత?" అన్నాడు.

తర్వాత బస్టాండుకి వెళ్ళానంది ఆవిడ. ప్రతి బస్సూ ఎక్కి చూశానంది.